సమ్మెకు నెల, కుట్రకు యావజ్జీవం

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 26వ సెక్షన్ అని ఒకటుండేది. చట్టవిరుద్ధమైన సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి దాని కింద పడే గరిష్ఠ శిక్ష నెల రోజుల జైలు, లేదంటే 50 రూపాయల జరిమానా, లేదంటే రెండూ. సమ్మెకు ఉసిగొల్పిన నాయకుడికి దాని పక్క సెక్షన్ కింద ఆరు నెలలు, 1,000 రూపాయలు. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ జరిమానాలను వేలల్లోకి పెంచింది గానీ, కార్మికుడి జైలుశిక్షను మాత్రం నెల దగ్గరే ఉంచింది.

ప్రభుత్వానికి నిజంగా నిద్ర పట్టనివ్వని కార్మిక నాయకుడి మీద ఈ సెక్షన్ పెట్టి ఊరుకున్న సందర్భం వెతికినా దొరకడం కష్టం. నెల రోజుల్లో బయటికొచ్చి, గేటు దగ్గరే దండలు వేయించుకుని, సాయంత్రానికి మీటింగు పెట్టే మనిషిని లోపలేసి ఏం లాభం? పైగా 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 17వ సెక్షన్ అడ్డం వచ్చేది. సంఘం న్యాయమైన పని కోసం సభ్యులు కూడబలుక్కుంటే దాన్ని నేరపూరిత కుట్ర అనకూడదని అది చెప్పేది. ఆ రక్షణ ఊరికే వచ్చింది కాదు. మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల తమిళ, తెలుగు కార్మికులు 1918లో సంఘం పెట్టుకుంటే, ఆ మిల్లులు నడిపే బిన్నీ కంపెనీ బి.పి. వాడియా తదితరుల మీద హైకోర్టుకెక్కి ఇంజంక్షన్ తెచ్చింది, నష్టపరిహారం కోరింది. అలాంటి దావాల నుంచి కాపాడే చట్టం కావాలని ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో పట్టుబట్టిన అయిదేళ్లకు గానీ చట్టం రాలేదు.

అందుకే, ఊళ్లూ వీధులూ అట్టుడికిన తర్వాత కార్మిక నాయకుడి మీద పడే చార్జిషీటులో సమ్మె అనే మాట దాదాపు కనబడదు. కుట్ర ఉంటుంది, రాజద్రోహం ఉంటుంది, కోర్టు ధిక్కారమో, పోలీసుల విధులకు ఆటంకమో, పేలుడు పదార్థాలో, అనుమతి లేని ఊరేగింపో ఉంటుంది. జీతం, పనిగంటలు, ఉద్యోగ భద్రత అన్నవి చార్జిషీటు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. నూట ముప్పై ఏళ్ల కేసుల్ని వరసపెట్టి చూస్తే నాకు తేలింది ఇదే. నాయకుడు ఏం చేశాడన్న దానికన్నా, ఏ సెక్షన్ ఎంచుకున్నారు, ఏ కోర్టు ఎంచుకున్నారు అన్నదే కేసు అసలు ఉద్దేశాన్ని బయటపెడుతుంది.

షికాగోలో 1894 నాటి పుల్‌మన్ సమ్మె చూడండి. అమెరికన్ రైల్వే యూనియన్ నాయకుడు యూజీన్ డెబ్స్ మీద రెండు దారుల్లో నరుక్కొచ్చారు. ఒకటి కుట్ర కేసు, దానికి జ్యూరీ ఉంటుంది. రెండోది, సమ్మె ఆపమన్న ఇంజంక్షన్‌ను లెక్కచేయలేదని కోర్టు ధిక్కారం, దానికి జ్యూరీ అక్కర్లేదు. కుట్ర కేసు విచారణ సగంలో ఉండగా ఒక జ్యూరీ సభ్యుడు జబ్బుపడ్డాడు, విచారణ ఆగింది, ప్రభుత్వం మళ్లీ ఎత్తుకోలేదు. డెబ్స్ తరఫున వాదించిన వాళ్లలో క్లారెన్స్ డారో ఉన్నాడు. అంతవరకు సాగిన వాదన ప్రభుత్వానికి గిట్టుబాటయ్యేలా లేదని చూసినవాళ్లకు అర్థమైంది. ధిక్కారం మాత్రం చక్కగా పనిచేసింది. ఆరు నెలలు జైలు, 1895లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా సరేనంది. శిక్ష కొంచెమే గానీ, డెబ్స్ బయటికొచ్చేసరికి యూనియన్ చితికిపోయింది.

మన దగ్గర అదే పని 1908లో తూత్తుకుడిలో జరిగింది. కోరల్ మిల్లు కార్మికుల సమ్మెను వి.ఓ. చిదంబరం పిళ్లై, సుబ్రహ్మణ్య శివ దగ్గరుండి నడిపించారు. యాజమాన్యం దిగొచ్చింది. సమ్మె గెలిచిన కొద్ది రోజులకే మార్చి 12న అరెస్టులు, మర్నాడు తిరునెల్వేలి భగ్గుమంది. కేసు మాత్రం సమ్మె మీద కాదు, ఉపన్యాసాల మీద, రాజద్రోహం కింద. సెషన్స్ జడ్జి చిదంబరం పిళ్లైకి రెండు యావజ్జీవ ప్రవాస శిక్షలు వేశాడు. హైకోర్టు తగ్గించాక కూడా ఆయన 1912 చివరి దాకా జైల్లోనే ఉండి గానుగ తిప్పాల్సి వచ్చింది.

మీరట్ దగ్గర కాస్త ఆగాలి. బొంబాయి బట్టల మిల్లులు 1928లో సమ్మెతో ఆరు నెలలు మూతబడ్డాయి, గిర్నీ కామ్‌గార్ యూనియన్ పేరు దేశమంతా మోగింది. 1929 మార్చి 20న బొంబాయి, కలకత్తా, ఇంకా అనేక ఊళ్లలో ఒకేసారి దాడులు చేసి, ఇంగ్లీషువాళ్లతో సహా ముప్పైమందికి పైగా పట్టుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక సంఘంలో పనిచేసేవాళ్లే. పట్టుకున్నది మహానగరాల్లో, విచారణ మాత్రం మీరట్‌లో! బొంబాయిలోనో కలకత్తాలోనో అయితే హైకోర్టులో జ్యూరీ ముందు నిలబెట్టాలి. మీరట్‌లో ఆ బెడద లేదు. పెట్టింది 121-ఎ సెక్షన్, అంటే చక్రవర్తి సార్వభౌమత్వాన్ని లాగేసుకునే కుట్ర, గరిష్ఠంగా యావజ్జీవం. విచారణ నాలుగేళ్లు నడిచింది. 1933 జనవరిలో సెషన్స్ తీర్పు ముజఫర్ అహ్మద్‌కు యావజ్జీవ ప్రవాసం, డాంగేకు 12 ఏళ్లు వేసింది. అదే ఏడాది ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు శిక్షల్ని బాగా కుదించేసింది, కొందర్ని వదిలేసింది. కానీ నాలుగేళ్లు ముందే ఖర్చయిపోయాయి. ఆలోగా యూనియన్లు చీలాయి, మిల్లు గేట్ల దగ్గర మాట్లాడే మనిషి లేకుండా పోయాడు. మరో సంగతి కూడా పక్కన పెట్టుకుని చూడాలి. మీరట్ అరెస్టులకు మూడు వారాలు నిండకముందే, ఏప్రిల్ 8న, ఢిల్లీ అసెంబ్లీలో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబు విసిరింది కార్మిక వివాదాల బిల్లు సభ ముందున్న రోజునే.

స్వతంత్రం వచ్చాక 121-ఎ మూలన పడి ఉంటుందని అనుకుంటాం. 1976 సెప్టెంబరు 24న ఢిల్లీ చీఫ్ మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు కోర్టులో సీబీఐ దాఖలు చేసిన చార్జిషీటు తెరిస్తే మళ్లీ అదే సెక్షన్. ఏ1 ముద్దాయి జార్జి ఫెర్నాండెజ్, ఆయనతో పాటు మరో 24 మంది. బరోడా డైనమైట్ కేసు.

ఆ కేసు కథ 1975 జూన్ ఎమర్జెన్సీ దగ్గర మొదలవదు. దానికి ఏడాది ముందు, 1974 మే 8న, అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడిగా ఫెర్నాండెజ్ పిలుపిచ్చిన సమ్మెలో దాదాపు 17 లక్షల మంది రైల్వే కార్మికులున్న వ్యవస్థ స్తంభించింది. పిలుపు అమలయ్యే లోపే, మే 2న, ఆయన్ని లక్నోలో పట్టుకెళ్లారు. భారత రక్షణ నిబంధనలు, అంతర్గత భద్రతా చట్టం (మీసా) కింద వేలమంది లోపలికి వెళ్లారు. డ్యూటీకి రాలేదని క్వార్టర్లలోంచి పెళ్లాంపిల్లల్ని సామాన్లతో సహా బయట పడేశారు. సమ్మె నడుస్తుండగానే మే 18న పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగింది, పత్రికల మొదటి పేజీ మారిపోయింది. మే 27న సమ్మె విరమించారు. రైళ్ల రాకపోకలు మామూలైనా, ప్రభుత్వానికి ఆ భయం మాత్రం పోలేదు. ఏడాది తర్వాత ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఫెర్నాండెజ్ దొరకని నాయకుల్లో ఒకడు, బహుశా అందరికన్నా కావలసినవాడు. సర్దార్జీ వేషంలో, ఇంకోసారి సాధువు వేషంలో ఏడాది పాటు తిరిగాడు. 1976 జూన్ 10న కలకత్తాలో దొరికాడు.

ఈలోగా ఆయన చుట్టూ ఉన్నవాళ్లు పడ్డ పాట్లు వేరు. తమ్ముడు లారెన్స్‌ను బెంగుళూరులో సరిగ్గా మే డే నాడు ఎత్తుకెళ్లి, అన్న ఎక్కడున్నాడో చెప్పమని చిత్రహింసలు పెట్టారు. మర్నాడు స్నేహలతా రెడ్డి అరెస్టు. 'సంస్కార' సినిమాలో చంద్రిగా నటించిన ఆమె, నెల్లూరు కవి, 'ఫిడేలు రాగాల డజన్' రాసిన పఠాభి భార్య. ఆమెకు ఉబ్బసం. బెంగుళూరు సెంట్రల్ జైల్లో ఎనిమిది నెలలు, మందులు సరిగా అందని స్థితిలో ఉంచారు. చివరికి దాఖలైన చార్జిషీటులో ఆమె పేరే లేదు. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు, 20న పోయింది. ఆమె మరణం ఏ శిక్షల జాబితాలోనూ చేరదు.

ముద్దాయిల్లో ఒక తెలుగువాడు కె. విక్రమరావు, బరోడాలో టైమ్స్ ఆఫ్ ఇండియా విలేకరి. చీరాల నుంచి వెళ్లి నేషనల్ హెరాల్డ్‌కు తొలి సంపాదకుడైన కోటంరాజు రామారావు కొడుకు. తర్వాతి కాలంలో ఆయనే వర్కింగ్ జర్నలిస్టుల ఫెడరేషన్ నాయకుడయ్యాడు.

ఇక్కడ ఒక నిజం దాటేయడం నాకు ఇష్టం లేదు. ఫెర్నాండెజ్ అభిమానులు చాలామంది దీన్ని పూర్తిగా బనాయించిన కేసుగా చెబుతారు. డైనమైట్ కల్పన కాదు. పట్టాలు, వంతెనలు పేల్చి ప్రభుత్వాన్ని కుదిపేయాలన్న ఆలోచన ఉన్నదే. ముద్దాయిల్లో ఒకరైన సి.జి.కె. రెడ్డి జైలు నుంచి వచ్చాక రాసిన పుస్తకం అట్ట మీదే తిరగబడే హక్కు అన్న మాట ఉంది. ప్రాణహాని లేకుండా చేయాలనుకున్నామని వాళ్లు చెప్పుకున్నారు. పేలుడు పదార్థాల చట్టం ఆ తేడా చూడదు. కాబట్టి ఈ కేసులో అన్యాయం ఆధారాల్లేకపోవడంలో లేదు. ఎన్నికలు, పత్రికలు, కోర్టులు, యూనియన్ ఆఫీసు అన్నీ మూసేసిన ప్రభుత్వమే, ఇక మిగిలిన దారి పట్టావేం అని నిలదీయడంలో ఉంది. విచారణ పూర్తయి ఉంటే ఆ ప్రశ్న కోర్టులో రికార్డయ్యేది. అవలేదు.

ఢిల్లీలోని తీస్ హజారీ కోర్టుకు సంకెళ్లతో తీసుకొస్తున్నప్పుడు గొలుసు పట్టిన చెయ్యి పైకెత్తిన ఫెర్నాండెజ్ ఫోటో 1977 ఎన్నికల్లో గోడగోడకూ ఎక్కింది. ఆయన జైల్లో ఉండగానే ముజఫర్‌పూర్ నుంచి మూడు లక్షల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. జనతా ప్రభుత్వం గద్దెనెక్కిన రెండు రోజులకు, మార్చి 26న, స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కేసు ఉపసంహరణకు దరఖాస్తు పెట్టాడు. నిన్నటి ఏ1 కేంద్ర మంత్రి.

దీని మీద ఒక న్యాయవాది సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1980లో ఆ తీర్పు రాసింది మన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ప్రాసిక్యూటర్ ప్రభుత్వం ఆడించినట్టు ఆడకుండా తన బుర్ర పెట్టాలి, కోర్టు సమ్మతి ఉండాలి. అవి ఉంటే సాక్ష్యం చాలకపోవడం ఒక్కటే కాక, విశాలమైన ప్రజాప్రయోజనం కోసం, సామాజిక, రాజకీయ కారణాలతో కూడా కేసు వెనక్కి తీసుకోవచ్చని ఆ తీర్పు సారాంశం. తర్కం నాకు నచ్చుతుంది. దాని పర్యవసానం మాత్రం అంత తేలిగ్గా మింగుడుపడదు. అదే తీర్పులో, ఎమర్జెన్సీలో చక్రం తిప్పిన బన్సీలాల్ మీది కేసు ఉపసంహరణ కూడా నిలబడింది. ఒకే సూత్రం, సంకెళ్లు వేసుకున్నవాడికీ వేయించిన పక్షానికీ. కేసు పెట్టడం, ఎత్తేయడం రెండూ అధికారం చేతిలోనే ఉన్నంతకాలం నాయకుడికి అక్కరకొచ్చేది మంచి వకీలు కాదు, తర్వాతి ఎన్నిక.

దీన్ని తెలంగాణలో కళ్లారా చూశాం. 2011 సెప్టెంబరు 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మెలో సింగరేణి బొగ్గు ఆగింది, ఆర్టీసీ బస్సు ఆగింది, ఆఫీసులు మూతపడ్డాయి. ఉద్యమమంతా కేసుల మీద కేసులు. రాష్ట్రం వచ్చాక కేసులు ఎత్తేశారు. ఎన్జీవోల నాయకుడు స్వామిగౌడ్ శాసనమండలి చైర్మన్ అయ్యారు, గెజిటెడ్ అధికారుల నాయకుడు శ్రీనివాస్ గౌడ్ తర్వాత మంత్రి అయ్యారు. అదే రాష్ట్రంలో 2019 అక్టోబరు 5న దాదాపు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, ఈసారి సమ్మె ప్రభుత్వాన్ని తెచ్చేది కాదు, ప్రభుత్వాన్ని నిలదీసేది. కుట్ర కేసు అవసరమే రాలేదు, 'సెల్ఫ్ డిస్మిస్' అన్న రెండు మాటలు సరిపోయాయి. యాభై రోజుల తర్వాత మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు గానీ, యూనియన్లకు బదులు డిపోల్లో వెల్ఫేర్ కమిటీలొచ్చాయి.

దక్షిణ కొరియాలో ఇదే కథకు ఎన్నికలు కూడా సకాలంలో అక్కరకు రాలేదు. హాన్ సాంగ్-గ్యున్ సాంగ్‌యోంగ్ మోటార్ కార్మికుడు. 2009లో ప్యోంగ్‌తెక్ ఫ్యాక్టరీని 77 రోజులు ఆక్రమించిన సమ్మెకు నాయకత్వం వహించి మూడేళ్లు జైల్లో ఉన్నాడు. వచ్చాక తీసేసిన కార్మికుల కోసం ఫ్యాక్టరీ దగ్గరి కరెంటు టవరెక్కి 171 రోజులు కూర్చున్నాడు. 2014 డిసెంబరులో కొరియా ట్రేడ్ యూనియన్ల సమాఖ్యకు సభ్యులు నేరుగా ఓట్లేసిన మొదటి ఎన్నికలో అధ్యక్షుడయ్యాడు. 2015 నవంబరు 14న సియోల్‌లో కార్మికులు, రైతులు కలిసి భారీ ప్రదర్శన చేశారు. ఉద్యోగుల్ని తేలిగ్గా తీసేసే సంస్కరణలొద్దని ఒకరు, బియ్యం ధర పడిపోయిందని ఇంకొకరు. పోలీసులు వందల బస్సుల్ని వరసగా నిలబెట్టి గోడ కట్టారు. 2009లో సియోల్ ప్లాజా చుట్టూ కట్టిన అలాంటి బస్సుల గోడ రాజ్యాంగ విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానం 2011లోనే చెప్పింది. జనం తాళ్లు కట్టి బస్సులు లాగారు, పోలీసులకు దెబ్బలు తగిలాయి. వాటర్ కెనాన్ నేరుగా తగిలి పెక్ నామ్-గి అనే వృద్ధ రైతు పడిపోయాడు, మళ్లీ స్పృహలోకి రాలేదు, 2016 సెప్టెంబరులో చనిపోయాడు. ఆస్పత్రి మొదట దాన్ని జబ్బుతో పోయినట్టు రాసి, ప్రభుత్వం మారాక 2017లో దెబ్బ వల్ల అని దిద్దింది.

హాన్ జోగ్యేసా బౌద్ధాలయంలో తలదాచుకున్నాడు. మూడు వారాలు దాటాక, డిసెంబరు 10న, బుద్ధుడికి మొక్కి, భిక్షువులు పక్కన నడుస్తుండగా గేటు దాకా వచ్చి లొంగిపోయాడు. పోలీసులు మొదట 1986 తర్వాత ఎవరి మీదా వాడని అల్లర్ల సెక్షన్ పెట్టారు. ప్రాసిక్యూషన్ దాన్ని వదిలేసి, విధులకు ఆటంకం, సభల చట్టం ఉల్లంఘన లాంటివి ఉంచి ఎనిమిదేళ్లు అడిగింది. 2016 జులైలో అయిదేళ్లు పడింది. డిసెంబరు 13న అప్పీలు కోర్టు మూడేళ్లకు తగ్గించింది. దానికి నాలుగు రోజుల ముందే, కొవ్వొత్తుల ప్రదర్శనల ఒత్తిడితో అధ్యక్షురాలు పార్క్ గున్-హేను పార్లమెంటు అభిశంసించింది. అంటే ఆయన ఎవరికి ఎదురు నిలిచి జైలుకెళ్లాడో ఆవిడ పదవి ఊడిపోయాక కూడా ఆయన లోపలే. నిర్బంధం నిరంకుశమైనదని ఐక్యరాజ్యసమితి కార్యవర్గం 2017లో అంది. పెరోల్ మీద వదిలింది 2018 మేలో, క్షమాభిక్ష 2019 చివర్లో. పెక్ నామ్-గి మరణం విషయంలో సియోల్ పోలీసు అధిపతికి చివరికి ఖరారైన శిక్ష కోటి వాన్ జరిమానా, మన డబ్బులో ఆరేడు లక్షలు.

ఆ రోజు పోలీసులు దెబ్బలు తినలేదని ఎవరూ అనరు. బస్సు అద్దం పగలగొట్టిన చెయ్యి ఎవరిదో చూపించి కేసు పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు. లక్షమంది గుంపులో ప్రతి చేతినీ వేదిక మీది మనిషికి అతికించడం దగ్గరే నాకు పేచీ. మన మానేసర్ మారుతీ కార్ల ఫ్యాక్టరీ కేసు రాజకీయ అల్లర్లది కాదు గానీ ఆ అతుకు అక్కడా ఉంది. 2012 జులై 18న ఒక మేనేజర్ ప్రాణం పోయింది, అది చిన్న సంగతి కాదు. ఆ తర్వాత 148 మంది జైలుపాలయ్యారు. బెయిలు నిరాకరిస్తూ హైకోర్టు విదేశీ పెట్టుబడిదారులు భయపడతారన్న మాటా రాసింది. 2017లో 117 మంది నిర్దోషులుగా తేలారు. యావజ్జీవం పడ్డ 13 మందిలో పన్నెండుగురు యూనియన్ ఆఫీస్ బేరర్లే.

జైలు కాక డబ్బు దెబ్బ ఇంకోటి. సాంగ్‌యోంగ్ సమ్మెకు పరిహారంగా కార్మికులు 470 కోట్ల వాన్ కట్టాలని 2013లో కోర్టు తేల్చింది. ఒక పాఠకురాలు 47 వేల వాన్ కవర్లో పెట్టి ఒక పత్రికకు పంపింది, లక్షమంది ఇలా ఇస్తే సరిపోతుందని. ఆ పసుపుపచ్చ కవరు పేరుతోనే 2025 ఆగస్టులో, సమ్మె చేసినవాళ్ల మీద నష్టపరిహారం దావాలకు హద్దు పెట్టే చట్టం వచ్చింది.

హాంకాంగ్‌లో అలాంటి మలుపేమీ లేదు. లీ చెక్-యాన్ 1990లో పుట్టిన అక్కడి స్వతంత్ర ట్రేడ్ యూనియన్ల సమాఖ్యకు ప్రధాన కార్యదర్శిగా ఉండేవాడు. 2019 ఆందోళనల్లో ఆగస్టు 18న విక్టోరియా పార్కు సభకు అనుమతి ఉంది, ఊరేగింపుకు లేదు. జనం వానలో నిండిపోయారు, నిర్వాహకుల లెక్కలో 17 లక్షలు. పార్కు పట్టక బయటికి కదిలారు. ముందు బ్యానరు పట్టుకున్నవాళ్లలో లీ ఉన్నాడు. అనుమతి లేని సమావేశాన్ని నిర్వహించాడని, అందులో పాల్గొన్నాడని 2021 ఏప్రిల్‌లో 12 నెలల జైలు. ఇతర కేసులు వరస కట్టాయి, జాతీయ భద్రతా చట్టం కింద మరోటి. సమాఖ్య అధ్యక్షురాలు కరోల్ ఇంగ్, 2020 ఫిబ్రవరిలో ఆస్పత్రి సిబ్బంది సమ్మె నడిపిన విన్నీ యూ కూడా 47 మంది ప్రజాస్వామ్యవాదుల మీద పెట్టిన కేసులో జైలుకెళ్లారు. పోరాడేవాళ్లు లోపల, బయట ఉన్నవాళ్లకు భయం. 2021 అక్టోబరు 3న సభ్య సంఘాలు సమావేశమై సమాఖ్యను రద్దు చేసుకోవడానికి ఓటేశాయి.

2023 ఆగస్టులో అప్పీలు కోర్టు నిర్వహణ నేరాన్ని కొట్టేసింది. ఊరేగింపు ముందు వరసలో నడిచినంత మాత్రాన దాన్ని నిర్వహించినట్టు రుజువు కాదని తేల్చింది, పాల్గొన్న నేరాన్ని ఉంచింది. ఆ 12 నెలల శిక్షాకాలం అప్పటికే ఎప్పుడో ముగిసింది. సమాఖ్య మూతబడి అప్పటికి దాదాపు రెండేళ్లయింది.